తూబా ఇంటి ప్రయాణికుడు

మా పేటలో బిడ్డను కన్న ఆడదాన్ని ఎవరూ సొంత పేరుతో పిలవరు. పెద్దబిడ్డ ఇబ్రాహీం అయితే ఆమె దేయ్ ఇబ్రాహీం, అంటే ఇబ్రాహీం తల్లి. పెద్దది కూతురైనా పద్ధతి అదే. పురిటి స్నానం రోజున అంటుకున్న ఆ పేరు సమాధి దాకా వదలదు. అందుకే మా సందులో ఆడవాళ్ళ అసలు పేర్లు వాళ్ళ కన్నతల్లులకూ, నిఖా చదివించిన షేఖ్‌కూ తప్ప ఎవరికీ గుర్తుండేవి కావు. ఒక్క తూబా పేరు మాత్రం అందరికీ తెలుసు. ఆమెకు పిల్లలు లేరు.

బూషెహర్‌లో మాది కూతీ పేట. తూబా ఇల్లు పేటకు సముద్రం వైపు చిట్టచివరిది. పగడపు రాతి గోడలు, ఉప్పు గాలికి కింది వరసలు కొరికేసినట్టు అరిగిపోయాయి. మేడ మీద వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క జాలీ వసారా ఒకటి ఉండేది. దాన్ని మేము షనాషీర్ అంటాం. అందులో కూర్చున్న ఆడదానికి సముద్రం కనిపిస్తుంది, బయటివాళ్ళకు ఆడది కనిపించదు. తూబా సగం జీవితం అందులోనే గడిచింది. గోడ అవతల ఇల్లు మాది. ఆమె షనాషీర్‌లో పీట జరుపుకున్న చప్పుడు వింటే చాలు, గాలి ఎటు తిరిగిందో నాకు తెలిసిపోయేది.

ఆమె భర్త ఖిదర్ జహాజు మీద చుక్కాని పట్టేవాడు. ఖర్జూరం బుట్టలు ఎక్కించుకుని కాలికట్ వెళ్ళి టేకు దుంగలతో తిరిగొచ్చేవారు. ఒక్కో ఏడు ఆఫ్రికా వైపు మొంబాసా దాకా పోయి మడకర్రలు తెచ్చేవారు. మా ఇళ్ళ పైకప్పుల్లో ఉన్నవి ఆ కర్రలే. పెళ్ళయిన మూడో చలికాలంలో ఖిదర్ అలాగే వెళ్ళాడు. మస్కట్‌లో ఆ జహాజు మంచినీళ్ళు నింపుకుంటుంటే చూసినవాళ్ళున్నారు. ఆ తర్వాత చూసినవాళ్ళు లేరు.

కొంతకాలం అందరూ ఎదురుచూశారు. తర్వాత ఆ జహాజులో వెళ్ళిన వాళ్ళ ఇళ్ళల్లో ఒక్కొక్కరే నల్లబట్టలు కట్టారు, పోయినవాళ్ళ పేరు మీద మసీదులో ఫాతిహా చదివించారు, హల్వా పంచారు. తూబా కట్టలేదు, చదివించలేదు, పంచలేదు. ఇంకొకరి ఇంట్లోంచి వచ్చిన హల్వా గిన్నెను మాత్రం కళ్ళకద్దుకుని తిని, గిన్నె తోమి, వట్టిది ఇవ్వకూడదు గనక అందులో నాలుగు ఎండునిమ్మకాయలు వేసి తిరిగి పంపించేది.

అప్పుడు మా పేట మసీదులో షేఖ్ అబ్దున్నబీ ఉండేవాడు. తెల్ల తలపాగా, ఉబ్బసం, ఒక ముసలి గాడిద. ఆయన ఒకరోజు తూబా గుమ్మం ముందు గాడిద దిగాడు.

"తూబా, నాలుగేళ్ళు దాటాయి. రేవురేవుకీ మనుషుల్ని పంపి వెతికించాం. ధర్మం నిన్ను ఇంకా కట్టేసి ఉంచమనదు. నువ్వు ఊఁ అంటే ఒక్క మాటతో ఈ నిఖా నుంచి విడిపిస్తాను. చిన్నదానివి."

"నన్నెవరు కట్టేశారు షేఖ్?"

"ఎవరూ కట్టేయలేదనుకో."

"మరి విప్పడానికి ఏముంది? మీరు చేయగలిగిన సాయం వేరే ఉంది. నెలకోసారి మా ఇంటికొచ్చి కర్బలా గాథ చదవండి. చివర్లో ప్రయాణికుల కోసం దువా చేసేటప్పుడు ఖిదర్ పేరు ఎత్తండి. అతను వచ్చేదాకా. మొక్కుకున్నాను."

"అతను రాకపోతే?"

"మీ గాడిదకు ఓపికున్నంత వరకూ రండి."

షేఖ్ నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ నెల నుంచీ తూబా ఇంట్లో శోకసభ మొదలైంది.

మా పేటలో ఏదో ఒక ఇంట్లో రోజూ శోకసభ ఉండేది. ఏ ఇంటి రోజు ఆ ఇంటిది. ఎక్కువమంది గురువారమే పెట్టుకునేవారు, ఆ సాయంత్రం చనిపోయినవాళ్ళు ఇళ్ళ చూరు దాకా వచ్చి తమ పేరు ఎవరైనా తలుస్తారేమోనని వింటారని మా వాళ్ళ నమ్మకం. తూబా అందుకే మంగళవారం ఎంచుకుంది. ఆడవాళ్ళమంతా చాదర్లు కప్పుకుని గోడల వెంట కూర్చునేవాళ్ళం. షేఖ్ కుర్చీలో కూర్చుని హుసేన్ దాహం గురించీ, పిల్లల దాహం గురించీ చదివేవాడు. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చుకునేవాళ్ళం. ఆ తర్వాత ఆయన ఆ ఇంటి మృతుల పేర్లు చెప్పేవాడు. తూబా నాన్న, అమ్మ, చిన్నప్పుడే పోయిన తమ్ముడు. మేము అరచేతులు ఒళ్ళో పెట్టుకుని పెదాలు మాత్రం కదుపుతూ ఫాతిహా చదివేవాళ్ళం. ఆ వరస అయ్యాక జబ్బుమనుషులు. అందరికన్నా చివర ప్రయాణికులు. "సముద్రం మీదున్న ఖిదర్‌ను క్షేమంగా ఇంటికి చేర్చు" అనగానే మేమంతా గొంతెత్తి సలవాత్, అంటే ప్రవక్త మీద దీవెనలు, చదివేవాళ్ళం. మృతులకు మౌనం, ప్రయాణికులకు గట్టి గొంతు. తూబా గొంతు అన్నిటికన్నా పైన వినిపించేది, అతనికి వినపడాలన్నట్టు.

ఆ సభల్లో టీ కాచే సమోవార్ నా బాధ్యత. గుమ్మం దగ్గర షేఖ్‌కు ఎదురెళ్ళి కూర్చోబెట్టడం తూబా ఆడబిడ్డ దేయ్ ఇబ్రాహీం వంతు. ఖిదర్‌కు స్వంత అక్క ఆమె. రెండు ఇళ్ళ అవతల ఉండేది.

సభ నెలకోసారే. తూబా ఇంటికి మనుషులు మాత్రం ఆ ఒక్కరోజే వచ్చేవారు కాదు. మా రేవుకు ఏ జహాజు వచ్చినా అందులోంచి ఒకడు ముందు తూబా గుమ్మానికి వచ్చి కబురు చెప్పి, ఆ తర్వాతే తన ఇంటికి వెళ్ళాలి. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. మొదట్లో ఎవరో జాలిపడి వచ్చారు, అది వాడుకైపోయింది. చెప్పడానికి కబురు ఉండేది కాదు. అయినా వచ్చేవారు. ఆమె ఎండునిమ్మకాయ వేసిన టీ ఇచ్చేది. వాళ్ళు తలవంచుకుని తాగేవారు.

ఈ తలవంచుకోవడం భరించలేకపోయినవాడు జాయెర్ మందలీ. కర్బలా యాత్ర చేసొచ్చినందుకు పేరు ముందు జాయెర్ చేరింది గానీ యాత్ర అతని నాలుకను ఏమీ బాగుచేయలేదు. అతను ఒక ఏడు మొంబాసా నుంచి దిగి వచ్చి టీ తాగుతూ గ్లాసు కింద పెట్టాడు.

"చెల్లీ, ఒక మాట చెబుతాను, ఖాయమని మాత్రం అనుకోకు. మొంబాసా బజారులో వెనకనుంచి ఒక మనిషిని చూశాను. నడక అచ్చం ఖిదర్‌దే."

"ముందునుంచి చూశావా?"

"చూశాను. ఒక కనుబొమ్మ తెల్లగా ఉంది."

"ఖిదర్ కనుబొమ్మలు నల్లన."

"వయసు మీద పడింది కదమ్మా."

"రెండో కనుబొమ్మ మీద పడలేదా?"

తూబా అతని గ్లాసు మళ్ళీ నింపింది. "సరే. అతను ఏం చేస్తున్నాడు బజారులో?" అంది.

అలా పుట్టాడు ఆ మనిషి. తర్వాత ఏ జహాజు దిగినా ఆమె అడిగే మొదటి ప్రశ్న, ఆ తెల్లకనుబొమ్మ ఆయన కనిపించాడా అని. లేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒకడు ఆయన సొరచేప ఎండువరుగులు అమ్ముతున్నాడన్నాడు. ఇంకొకడు ఎడమకాలు కాస్త ఈడుస్తున్నాడన్నాడు. మరో ఏడు ఒక మేకను పెంచుతున్నాడు, దానికి ఒకటే కొమ్ము. ఏ ఊరివాడివయ్యా అంటే సముద్రం వైపు చూస్తాడట గానీ మాట్లాడడట. మేక చచ్చిపోయిన ఏడు తూబా నిజంగా బాధపడింది. "ఒంటరివాడు. ఇంకోటి తెచ్చుకుంటాడో లేదో" అంది నాతో. తెచ్చుకున్నాడని మరుసటి ఏడు మందలీ చెప్పాడు.

ఆమె వీటిని నమ్మిందా అని నన్ను చాలామంది అడిగారు. తూబా తెలివితక్కువ మనిషి కాదు. చెప్పేవాడి కళ్ళు చూసి, "ఇది నీ సొంతమా, మందలీదా?" అని అడిగేది. సొంతమైతే ఇంకో గ్లాసు టీ పోసేది.

ఇదంతా చూస్తూ మండిపడే మనిషి ఒక్కతే, దేయ్ ఇబ్రాహీం. పైకి ఏమీ అనేది కాదు. ప్రతి గురువారం ఆమె హల్వా చేసి వీధిలో పంచేది. గిన్నెలు పట్టుకెళ్తూ "మా అమ్మ పేరు మీద, మా నాన్న పేరు మీద" అని ఇచ్చేది. మూడో పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం ప్రతి వారం చూసేదాన్ని.

ఇలా ఇరవై ఏళ్ళు పైబడ్డాయి. రైలు వేరే రేవుకు వేశారు. సరుకు అటు మళ్ళింది. మా పేటలో పెద్ద వర్తకులు ఇళ్ళకు తాళాలు వేసి ఖుర్రంషహర్‌కూ కువైత్‌కూ వెళ్ళిపోయారు. ఒకప్పుడు పిల్లల అరుపులతో నిద్ర పట్టని మా సందులో తలుపు గొళ్ళెం చప్పుడైతే ఎవరిదా అని వినేవాళ్ళం. తెరచాపలు తగ్గి మోటారు లాంచీలు వచ్చాయి. షేఖ్ గాడిద పోయింది. ఆయన నడిచి వచ్చాడు. తర్వాత ఒక చలికాలం ఆయనా పోయాడు.

కొత్తగా వచ్చినవాడు సయ్యద్ ముర్తజా. నల్ల తలపాగా, గడ్డం ఇంకా పూర్తిగా నిండలేదు. లోపలి వైపు ఖర్జూరపు తోటల పల్లెవాడు. సముద్రాన్ని అతను మొదటిసారి చూసింది మా ఊళ్ళోనే. గొంతు మాత్రం చాలా మంచిది.

అతను తూబా ఇంటికి వచ్చిన మొదటి మంగళవారం. షేఖ్‌కు ఏ ఇంటి పేర్లు ఎలాంటివో కంఠస్థం. ఇన్నేళ్ళలో ఆయనకు ఎవరూ ఏదీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కొత్తవాడికి చెప్పాలన్న ఆలోచన కూడా అందుకే ఎవరికీ రాలేదు. అతను గుమ్మంలో చెప్పులు విప్పుతూ, ఎక్కడైనా అడిగినట్టే అడిగాడు.

"అమ్మా, ఈ ఇంటి పేర్లు?"

దేయ్ ఇబ్రాహీం తూబా నాన్న పేరు చెప్పింది. అమ్మ పేరు, తమ్ముడి పేరు చెప్పింది. ఒక్క క్షణం ఆగి, "ఖిదర్" అంది.

సయ్యద్ తల ఊపి లోపలికి వెళ్ళాడు. వాళ్ళ పల్లెల్లో చనిపోయినవాళ్ళ పేర్లే అడుగుతారు. ప్రయాణికులకు పేరు పెట్టి దువా చేసే వాడుక అక్కడ లేదు. ఇది మాకు తెలియదు. మా వాడుక అతనికి తెలియదు.

చాలా బాగా చదివాడు. పిల్లవాడి దాహం దగ్గర మా దేయ్‌లందరి భుజాలూ కదిలాయి. తర్వాత గొంతు తగ్గించి, ఈ ఇంటి మృతుల ఆత్మశాంతి కోసం అంటూ నాలుగు పేర్లూ వరసగా చెప్పి, "ఫాతిహా" అన్నాడు.

ఆ మాట విన్నాక మా పెదాలు మమ్మల్ని అడగవు. చిన్నప్పటి నుంచీ అంతే. ఫాతిహా అన్న మాట చెవిన పడగానే చేతులు ఒళ్ళోకి వస్తాయి, పెదాలు కదులుతాయి. అందరం సగం చదివాక గానీ ఏం చదువుతున్నామో తెలియలేదు. నేను సమోవార్ పక్కనుంచి తూబాను చూశాను. ఆమె చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. పెదాలు చివరిదాకా కదిలాయి.

తర్వాత సయ్యద్ ప్రయాణికులందరికీ కలిపి ఒక మాట అన్నాడు. సలవాత్‌కు ఒక్క గొంతూ లేవలేదు. అతను ఆశ్చర్యంగా చూసి, టీ తాగి, ఇంకో ఇంటికి టైమవుతోందని వెళ్ళిపోయాడు. అతని వెనక తలుపు పడగానే దేయ్ ఇబ్రాహీం ఏడ్చింది. హుసేన్ కోసం ఏడ్చే ఏడుపు కాదది. నేల మీద రెండు చేతులూ వేసి, "ఖిదరూ, నా తమ్ముడూ" అంటూ ఏడ్చింది. ముసలివాళ్ళు కొందరు ఆమె చుట్టూ చేరారు. తూబా లేచి గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. సగం తాగినవి కూడా ఏరింది.

మర్నాటి నుంచీ ఆమె తలుపు తీయలేదు. నేను పళ్ళెంలో చేప, అన్నం పెట్టి గుమ్మంలో ఉంచి వచ్చేదాన్ని. పళ్ళెం శుభ్రంగా తోమి, లోపల రెండు ఎండునిమ్మకాయలతో మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. అంతే. షనాషీర్‌లో పీట చప్పుడు లేదు.

మా డాబాలన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఒక ఉదయం దేయ్ ఇబ్రాహీం తన డాబా మీద చేపలు ఎండబెడుతుంటే తూబా గోడలు దాటుకుంటూ వచ్చింది. నేను మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఇద్దరూ నన్ను చూశారు, పట్టించుకోలేదు.

"పేరు నువ్వే చెప్పావు వదినా."

"అడిగాడు, చెప్పాను."

"ప్రయాణికుడని చెప్పావా?"

"అతను అడగలేదు."

"నీకు తెలుసు."

"తెలుసు. చదివేస్తాడని గుమ్మంలోనే తెలుసు. నోరు మూసుకున్నాను." దేయ్ ఇబ్రాహీం చేప కింద పడేసింది. "నీకు మూడేళ్ళ మొగుడు తూబా. నాకు తమ్ముడు. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచాను వాణ్ణి. వారం వారం హల్వా కలుపుతాను. అమ్మకి, నాన్నకి. వాడికి కలపనా వద్దా? ఉన్నాడంటావు, చూపించవు. లేడంటే ఒప్పుకోవు, ఏడవనివ్వవు. ఊళ్ళో మగాళ్ళందరూ నీ గుమ్మంలో కూర్చుని కథలు అల్లుతారు. అది ఖిదర్ కాదు. ఆ ఒంటికొమ్ము మేకవాడు నా తమ్ముడు కాదు."

"కాదని నాకు తెలీదా?"

"తెలిస్తే మరి ఎందుకు?"

తూబా కింద పడ్డ చేపను తీసి వరసలో పెట్టింది. దేయ్ ఇబ్రాహీం గొంతు దించింది.

"నువ్వూ చదివావు. నీ పెదాలు చూశాను."

"చూడకుండా ఉండాల్సింది" అంది తూబా. వచ్చిన దారినే గోడలు దాటి వెళ్ళిపోయింది.

సయ్యద్‌కు ఎవరో సంగతి చెప్పారు. అతను ఒక మధ్యాహ్నం నమాజు ముగించి నేరుగా వచ్చి షనాషీర్ కింద నిలబడ్డాడు. మా కిటికీ తెరిచే ఉంది.

"అమ్మా, తప్పు నాది. మా వైపు ఆ వాడుక లేదు. ముందే కనుక్కోవాల్సింది."

పైనుంచి తూబా గొంతు వచ్చింది. జాలీ వెనక మనిషి కనిపించలేదు.

"చదివింది వెనక్కి తీసుకోవచ్చా సయ్యద్?"

"తీసుకోవాల్సిన అవసరం లేదమ్మా. ఫాతిహా చావుకే కాదు, రోజూ నమాజులో చదివేదీ అదే. బతికున్న మనిషి పేరు మీద చదివినా అతనికి మేలే. నష్టం లేదు."

"నష్టం గురించి నేను అడగలేదు. చదివిన రోజు మధ్యాహ్నం నాకు నిద్రపట్టింది. జహాజు వచ్చిందని రేవులో బూర ఊదినా లేవలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా పడుకోలేదు. మంచి నిద్ర. లేచాక నా మొహం నేను చూసుకోలేకపోయాను. దీనికి మీ పుస్తకాల్లో ఏం రాశారు?"

సయ్యద్ తలపాగా సర్దుకున్నాడు. ఎండ అతని నెత్తిమీదే ఉంది. నీడలోకి జరగలేదు.

"దీనికి ఏమీ రాయలేదమ్మా" అన్నాడు.

కాసేపటికి లోపల మెట్లమీద చెప్పుల చప్పుడు, తర్వాత తలుపు గొళ్ళెం.

"ఏదైనా రాశారని చెప్పి ఉంటే తలుపు తీసేదాన్ని కాదు" అంది తూబా. "రండి, టీ తాగి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మా వదినతో చెప్పండి. శుక్రవారం మసీదులో చదివించమనండి. నల్లబట్ట నా దగ్గర లేదు, ఒకటి తెమ్మనండి."

మసీదులో అంతమంది మగాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. కువైత్ వెళ్ళినవాళ్ళు కూడా సెలవు పెట్టి వచ్చారు. ఆడవాళ్ళ సభ దేయ్ ఇబ్రాహీం ఇంట్లో జరిగింది. ఖర్జూరం, నెయ్యి, అక్రోటు ఒత్తుగా పేర్చిన రంగీనక్ పళ్ళాలు, హల్వా, ఇరవై ఏళ్ళుగా దాచుకున్న ఏడుపు. దేయ్ ఇబ్రాహీం గది మొదట్లో కూర్చుంది. తూబా ఆమె పక్కన, కొత్త నల్లచాదర్‌లో, పరాయి ఇంటికి వచ్చిన చుట్టంలా ఒదిగి కూర్చుంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. దేయ్ ఇబ్రాహీం ఆ గురువారం నుంచి హల్వా గిన్నె ఇస్తూ మూడో పేరు కూడా చెప్పింది. ఆమె మొహంలో ఏదో ముడి విడిపోయింది. అది నేను కళ్ళారా చూశాను.

తూబాకు మాత్రం ఇల్లు ఖాళీ అయింది.

ఖిదర్ పోయాడని కాదు. ఆ సంగతి ఆమె ఎప్పుడో తెలుసుకుని ఉంటుంది. జహాజులు వచ్చేవి, లాంచీలు వచ్చేవి. దిగినవాళ్ళు తూబా ఇంటి ముందుకు రాగానే నడక పెంచేవారు. చెప్పడానికి ఇక ఏముంది? కొందరు అవతలి సందులోంచి చుట్టుతిరిగి వెళ్ళేవారు. మంగళవారం సభ ఆగిపోయింది. మొక్కు చెల్లకుండానే ముగిసింది. సమోవార్ మసి తుడిచి అల్మరాలో పెట్టేసింది. నేను వెళ్ళి కూర్చునేదాన్ని.

"ఎందుకొచ్చావు?" అనేది.

"ఊరికే."

"ఊరికే రాకు దేయ్ మర్యం. ఊరికే వచ్చేవాళ్ళకు నన్ను చూస్తే జాలి. ఏదైనా పని మీద రా. ఉప్పు అడుగు."

ఉప్పు అడిగేదాన్ని. ఇచ్చేది. ఒకరోజు ఉప్పు పొట్లం కడుతూ కడుతూ ఆగింది.

"ఖిదర్ సంగతి సరే. చదివేశాం. అతనికి అక్క ఉంది, నేనున్నాను, మసీదు ఉంది. ఆ మొంబాసా ఆయన ఏమయ్యాడో ఎవరికీ పట్టలేదు చూశావా?"

నేను ఉప్పు తీసుకుని వచ్చేశాను. అది మాట వరసకు అన్నదనుకున్నాను.

ఎండలు ముదిరే ముందు, ఆఫ్రికా వెళ్ళిన జహాజులు దక్షిణపు గాలి వెంట తిరిగొచ్చే రోజులు. అప్పటికి అలా వెళ్ళేవి రెండో మూడో మిగిలాయి. మందలీ ముసలివాడై వంటవాడిగా వెళ్ళేవాడు. అతను చేతిలో మూటతో, తల వంచుకుని, మా సందులోంచి గబగబా పోతుంటే షనాషీర్‌లోంచి గొంతు వచ్చింది.

"జాయెర్, నీ కాళ్ళకు ఇంత పరుగు ఎప్పుడొచ్చింది?"

మందలీ ఆగిపోయాడు. "చెల్లీ, దేవుడు అతనికి స్వర్గం ఇవ్వాలి" అన్నాడు కిందకే చూస్తూ.

"ఇస్తాడు. పైకి రా. దేయ్ మర్యం, నువ్వూ రా, ఇంట్లోకి మగవాడొస్తున్నాడు. సమోవార్ దించాను."

వెళ్ళాను. మందలీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అతనికి మాటలు కరువవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మొంబాసా వెళ్ళారా?"

"వెళ్ళాం."

"ఎలా ఉంది?"

"ఎండగా ఉంది. మడకర్రల ధర పెరిగింది. నా మోకాళ్ళు బాగాలేవు." ఇవన్నీ నిజాలని మొహం చూస్తేనే తెలుస్తోంది. చెప్పడం అలవాటు లేక ఇబ్బంది పడుతున్నాడు.

"ఆయన కనిపించాడా?"

"ఎవరు?"

"ఎవరేంటి, తెల్లకనుబొమ్మ ఆయన."

మందలీ నా వైపు చూశాడు. నేను సమోవార్ వైపు చూశాను.

"చెల్లీ, ఆ మనిషి..." అని గ్లాసు కింద పెట్టాడు. "ఖిదర్‌కు ఫాతిహా చదివాం కదా. నేనూ మసీదులో ఉన్నాను."

"ఖిదర్‌కు చదివాం. ఈయనకు ఎవరు చదివారు? ఈయన ఖిదర్ కాదని నువ్వే కదా మొదటిరోజు చెప్పావు, ఒక కనుబొమ్మ తెల్లగా పెట్టి. ఖిదర్‌తో పాటు ఈయన్నీ ముంచేస్తే ఎలా? ఈడ్చే కాలు ఎలా ఉంది, మేక ఈనిందా లేదా, ఇదంతా మధ్యలో వదిలేస్తారా మీరు?"

మందలీ గడ్డం గోక్కున్నాడు. మొహంలోకి మెల్లగా పాత రంగు వచ్చింది.

"ఈసారి బజారులో లేడు" అన్నాడు. "అడిగాను. ఊరు మారాడట."

"ఏ ఊరు?"

"లామూ. పైన దీవి. అక్కడ గాలి కాలికి మంచిదని ఎవరో చెప్పారట."

"మేకను తీసుకెళ్ళాడా?"

"పడవలో ఎక్కనంది. మోసుకెళ్ళాడట, ఆ కాలితోనే."

తూబా అతని గ్లాసు నింపింది. "ఇది నీ సొంతమేనా?" అంది.

"పూర్తిగా నా సొంతమే చెల్లీ."

ఆ నెల మంగళవారం ఆమె మళ్ళీ సభ పెట్టింది. అంతమంది రాలేదు. పేటలో అంతమంది లేరు కూడా. గుమ్మంలో ఈసారి తూబానే నిలబడింది. సయ్యద్ చెప్పులు విప్పి, జాగ్రత్తగా అడిగాడు.

"అమ్మా, ముందు మృతుల పేర్లు చెప్పండి. తర్వాత ప్రయాణికులు ఉంటే విడిగా చెప్పండి."

ఆమె నాన్న పేరు, అమ్మ పేరు, తమ్ముడి పేరు చెప్పింది. ఖిదర్ పేరు చెప్పింది. గొంతు మారలేదు.

"ప్రయాణికులు?"

"ఒకాయన ఉన్నాడు. లామూలో."

"పేరు?"

"పేరు తెలీదు. ఇన్నేళ్ళుగా అడగాలని ఎవరికీ తోచలేదు."

సయ్యద్ ఆమె మొహంలోకి చూశాడు. ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళాడు. గాథ చదివాడు. ఫాతిహాకు మా పెదాలు కదిలాయి, తూబావి కూడా. చివరికి గొంతు పెంచి, "దూరదేశంలో, దీవిలో ఉన్న పేరు తెలియని ప్రయాణికుణ్ణి క్షేమంగా ఉంచు, అతని కాలి నొప్పి తగ్గించు" అన్నాడు. కాలి సంగతి అతనికి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

సలవాత్ లేచింది. అందరికన్నా గట్టిగా చదివింది దేయ్ ఇబ్రాహీం.

సయ్యద్ వెళ్ళాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చాదర్లు సర్దుకుని వెళ్ళారు. నేను గ్లాసులు కడుగుతున్నాను. దేయ్ ఇబ్రాహీం మాత్రం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆ లామూ ఆయనకి పెళ్ళయిందా తూబా?"

తూబా అప్పటికే మెట్ల మీదుంది. మేడ మీదికి, షనాషీర్‌లోకి వెళ్తోంది.

"తెలీదు వదినా" అంది. "మందలీ చెప్పలేదు. వచ్చే ఏడు గాలి తిరగనీ, అడుగుతాను."

పైన పీట జరిగిన చప్పుడైంది.